ఎర్ర పెన్సిల్ పడని తొమ్మిది పాటలు

ఆ అమ్మాయి పాటలు నేను చదవలేదు. చదివినట్టు తిరిగి ఇచ్చేశాను.

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల నోట్సు టైపు చేసే కొట్టు నాది. బడికి పోయినవాణ్ణి కాను. ప్రెస్సులో సీసపు అక్షరాలు పేరుస్తూ చదువు నేర్చుకున్నాను. పంజాగుట్టలోని ఒక రాక్ బ్యాండు కుర్రాళ్లు, వాళ్లతో పాడే ఈ అమ్మాయి, పాట రాయగానే నా దగ్గరికి తెచ్చేవాళ్లు. ఊపిరి అందని చోట, మాట అతకని చోట ఎర్ర పెన్సిల్‌తో గీత పెట్టేవాణ్ణి. గీత లేకుండా కాగితం తిరిగొస్తే ఇక పాడుకోవచ్చని అర్థం. ఆరేళ్లు అదే మా పద్ధతి.

తర్వాత ఆమె బ్యాండు వదిలేసింది. సొంతంగా ఆల్బం చేస్తానంది. నాకు ఒళ్లు మండింది. నలుగురు వాయిస్తే పైకొచ్చిన గొంతుకు ఇప్పుడా నలుగురే అడ్డమా అని కొట్టుకు వచ్చిన ప్రతివాడితోనూ అన్నాను. ఎందుకు వదిలావని ఆమెను మాత్రం అడగలేదు.

తొమ్మిది పాటలు దారంతో కట్టి, ముడేసి తెచ్చింది. "జర గట్టిగనే గీతలు పెట్టుండ్రి తాత. ఇప్పుడు నాకు చెప్పెటోళ్లు మీరొక్కరే" అంది. వారం రోజులు సొరుగులో పడేసి, ఆ కట్ట అలాగే ఆమె చేతిలో పెట్టాను. గీత లేని కాగితానికి మా మధ్య ఏం అర్థమో తెలిసే చేశాను.

ఆల్బం వచ్చింది. కొట్టులోనే ఫోనులో విన్నాను. ఎనిమిది పాటలు బాగున్నాయి. అది ఒప్పుకోవడానికే నాకు పూట పట్టింది. నాలుగో పాట పల్లవిలో మాత్రం ఊపిరి చాలక చివరి మాట సగంలో తెగింది. నేను చూసి ఉంటే మొదటి గీత అక్కడే పడేది.

పాత బ్యాండువాళ్లు వచ్చి ఆ ముక్కే మళ్లీ మళ్లీ పెట్టుకుని నవ్వారు. "గిది నువ్వు కావాల్ననే ఇడిసిపెట్టినవు గద తాత, మస్తు చేసినవ్" అన్నాడు డ్రమ్ములు వాయించేవాడు. నేనూ నవ్వాను. ఈ వయసులో, వాళ్లతో కలిసి, నవ్వాను.

నెల తర్వాత ఆమెకు మెసేజ్ పెట్టాను: చదవలేదమ్మా, కోపంతో చేశాను, ఆ తెగిన మాట నా తప్పు. అయిదోనాడు జవాబు వచ్చింది.

"ముడి చూసిననాడే తెలిసింది తాత. అది మా అమ్మ మగ్గం కాడ నేర్పిన ముడి, ఇప్పితే మళ్ల మీకు వెయ్యరాదు. మీరే చెప్తరని ఇన్నొద్దులు ఆగిన. కొత్తయి రాస్తున్న. ఈసారి ముడెయ్యను."