యూనిట్ హెడ్ గారి గాలిపటానికి ఎర్ర ట్యాగు

నేను పదవీ విరమణ చేయడానికి ముందు ఏడాది, మార్చి నెలలో, జగ్గయ్యపేట దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో మెకానికల్ విభాగం డిప్యూటీ మేనేజర్‌గా ఉన్నాను. నా బాధ్యత కంప్రెసర్ హౌస్. సిమెంటు ఫ్యాక్టరీలో వాల్వులు తెరుచుకోవాలన్నా, దుమ్ము పట్టే సంచులు దులుపుకోవాలన్నా ఒత్తిడితో కూడిన గాలి కావాలి. ఆ గాలిని తయారు చేయడం కంప్రెసర్ల పని. అది దారిలో ఎక్కడ కారిపోతోందో వెతికి పట్టుకోవడం మా పని. ఉద్యోగంలో సగకాలం సబ్బునీళ్ల డబ్బా పట్టుకుని పైపుల వెంట తిరిగాను. నేనేం చేస్తానో బంధువులకు చెప్పాల్సి వచ్చినప్పుడు మా ఇంట్లోవాళ్లు మాట మార్చేవారు.

ఆ ఏడాదే మాలతి గారు మా యూనిట్ హెడ్‌గా, అంటే ఫ్యాక్టరీ మొత్తానికి పెద్దగా వచ్చారు. సొంతూరు కాకినాడ. అంతకుముందు గుజరాత్ సముద్రతీరంలో పనిచేస్తూ, యాభై దాటాక, కైట్ సర్ఫింగ్ నేర్చుకున్నారు. కాళ్లకు పలక తొడుక్కుని, నడుముకు పెద్ద గాలిపటాన్ని తగిలించుకుని, అది లాగుతుంటే నీళ్ల మీద జారుతూ పోయే ఆట అది. ఫ్యాక్టరీలో ఏటా జరిగే రక్షణ వారోత్సవాల చివరి రోజున ముక్త్యాల దగ్గర కృష్ణలో ఆ విద్య ప్రదర్శించి, ఏ పనిముట్టునైనా పరీక్షించాకే వాడాలనే పాఠాన్ని కార్మికుల కుటుంబాలకు చెప్పాలని ఆవిడ సంకల్పం. మాకు అప్పటిదాకా వారోత్సవాలంటే వ్యాసరచన పోటీ, పులిహోర పొట్లం.

ఆ గాలిపటం మనం ఎగరేసే కాగితప్పటం కాదు. ముందు అంచున తొడంత లావు గొట్టం, దానికి అడ్డంగా చిన్న గొట్టాలు. ప్రతి గొట్టంలోనూ పల్చటి ప్లాస్టిక్ తిత్తి ఉంటుంది. పంపుతో గాలి కొడితే తిత్తి ఉబ్బి, పైనున్న గట్టి గుడ్డ దాన్ని అదిమిపట్టి, పటం రెక్క విప్పుకున్నట్టు బిగుస్తుంది. నీళ్లలో పడితే అదే తెప్పలా తేలుతుంది. నది మధ్యలో గొట్టంలో గాలి పోతే మాత్రం మనిషి తడిగుడ్డకు కట్టేసినట్టే.

వారం ముందు ఆవిడ ఏటి ఒడ్డున దాన్ని పరిచి చూసుకుంటే కాసేపట్లోనే మెత్తబడిపోయింది. మర్నాడు నన్ను పిలిపించారు.

"గాలిపటంలో గాలి పోతోందండి," అన్నారు.

గాలిపటమన్నాక గాలి పోకుండా ఎలా ఉంటుందో నాకు వెంటనే అర్థం కాలేదు. ఆవిడ వివరించాక అడిగాను, ఇది ఫ్యాక్టరీ సామాను కాదు కదా, మా విభాగం చూడాలా అని. గాలి నింపే ఏ పరికరానికైనా కంప్రెసర్ హౌస్ ట్యాగు ఉండాలని తానే సర్క్యులర్ ఇచ్చానని, అది తనకూ వర్తిస్తుందని అన్నారు. ఎర్ర ట్యాగు కడితే వాడకూడదు, ఆకుపచ్చ కడితే వాడొచ్చు. కట్టాల్సింది నేను.

మా ఫోర్‌మన్ నాగేశ్వరరావు మంచి పనివాడు, కాకపోతే తొందర. వర్క్‌షాపులో పెద్ద గొట్టం జిప్పు తీసి, లోపలి తిత్తి కొసకు తాడు కట్టి బయటికి లాగాం. తిరిగి దూర్చేటప్పుడు ఆ తాడే దారి చూపిస్తుంది. బయటికి తీసిన తిత్తికి గుడ్డ ఆసరా ఉండదు కనుక చేతిపంపుతో కొద్దిగానే గాలి పెట్టాలని మాలతి గారు చెప్పి పంపారు. నేను సబ్బునీళ్లు కలుపుకుని వచ్చేసరికి నాగేశ్వరరావు కంప్రెసర్ లైను తగిలించేశాడు. తిత్తి సొరకాయంత, గేదె దూడంత, ఆటోరిక్షా అంత అయింది. మనిషి కనబడలేదు. దాని వెనక నుంచి గొంతు మాత్రం వినిపించింది.

"సార్, నన్ను గోడకేసి నొక్కేస్తోందండి!"

"లైను తీసెయ్యవయ్యా!"

"చెయ్యి కూడా దానికిందే ఉందండి!"

పరుగెత్తి వాల్వు కట్టేశాను. అదృష్టం బాగుండి తిత్తి పగల్లేదు, నాగేశ్వరరావూ పగల్లేదు. ఆ తర్వాత పద్ధతిగా కొద్దికొద్దిగా గాలి పెట్టి సబ్బునీళ్లు చల్లితే నాలుగైదు చోట్ల బుడగలు లేచాయి. ఏటి ఒడ్డున పల్లేరు కాయల మీద పరిచిన ఫలితం. నాగేశ్వరరావు సైకిల్ ట్యూబు అతుకు ఒకటి వేసి చూశాడు; అది కాలిన అప్పడంలా ముడుచుకుని ఊడిపోయింది. ఈ ప్లాస్టిక్‌కు దాని అతుకులు దానికే ఉంటాయి. మాలతి గారి పెట్టెలోని వాటితోనే, స్పిరిట్‌తో తుడిచి ఆరబెట్టి, బెజ్జాలన్నీ మూశాం. మెలిక పడకుండా పౌడరు రాసి తిత్తిని లోపలికి లాగి, గట్టిగా గాలి కొట్టి వదిలేశాం.

తెల్లారి చూస్తే పటం మళ్లీ సోలిపోయి ఉంది. ఎర్ర ట్యాగు కట్టేశాను.

మాలతి గారు వచ్చి ట్యాగు చూశారు. జగ్గయ్యపేటలో ఫ్లెక్సీలు కూడా కట్టేశారు, వాటి మీద ఆవిడ నీళ్ల మీద ఎగురుతున్న బొమ్మ.

"మెల్లగా పోతోంది కదండి. నేను నీళ్లలో ఉండేది ఎంతసేపు?"

"మెల్లగా పోతున్నది అక్కడ ఎప్పుడు వేగంగా పోతుందో నాకు తెలీదు మేడమ్. ఎందుకు పోతోందో కనుక్కునేదాకా ట్యాగు విప్పను."

సంవత్సరం చివర నా పనితీరు గురించి రాయాల్సింది ఆవిడే. నాగేశ్వరరావు నా వైపు జాలిగా చూశాడు. ఆవిడ ట్యాగును వేళ్లతో తిప్పి చూశారు. తర్వాత, "సరే, వెతకండి. నేనూ వస్తా," అన్నారు.

ఈసారి పటాన్ని పూర్తిగా విప్పి, గొట్టాల మధ్య క్లిప్పులు బిగించి, ఏ గొట్టం మెత్తబడుతుందో విడివిడిగా చూడాలి. ఎండలో చేస్తే లోపలి గాలి వ్యాకోచించి ఉన్న లీకును దాచేస్తుంది. వర్క్‌షాపు చాలదు. క్లబ్బు హాల్లో వారోత్సవాల వేదిక వేస్తున్నారు. నందిగామలో మిరపకాయల వ్యాపారం చేసే ఖాదర్ గారు నాకు పాత స్నేహితుడు. కొత్త సరుకు ఇంకా దిగలేదని, గోడౌన్ ఖాళీగా ఉందని చెప్పారు. మేం వెళ్లేసరికి గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"రండి మేడమ్, రండి. అద్దంలా ఊడ్పించాను."

చూడ్డానికి అద్దంలాగే ఉంది. పంపు నేల మీద పెట్టి మాలతి గారే స్వయంగా గాలి కొట్టారు. చిన్న గొట్టాలన్నీ గట్టిగా నిలిచాయి. పెద్ద గొట్టమే తగ్గుతోంది. బుస వినబడుతుందేమోనని దాని పొడవునా చెవి ఆనించుకుంటూ వెళ్లాను. గాలి కొట్టే మూత దగ్గరికి వచ్చేసరికి తుమ్మాను. మూత చుట్టూ సబ్బునీళ్లు పోస్తే ఒక్క బుడగా రాలేదు. మళ్లీ వంగాను, మళ్లీ తుమ్మాను. ఊడ్చిన గోడౌన్ నేల పగుళ్లలో మిగిలిన మిరప ధూళిని పంపు పీల్చి లోపలికి పంపిందని అప్పుడు తోచింది. గాలి ఎక్కడ బయటపడుతుందో ఘాటు అక్కడే ఉంటుంది.

నాగేశ్వరరావును గొట్టం వెంట ముక్కు ఆనించి నడవమన్నాను. కొస నుంచి వంగి నడిచాడు, మూత దగ్గర తుమ్మాడు. మాలతి గారు రెండో కొస నుంచి వచ్చారు, అక్కడే తుమ్మారు. నిర్ధారణ కోసం ఖాదర్ గారిని కూడా అడిగాం. ఆయన హాయిగా వాసన చూసి తల అడ్డంగా ఊపారు.

"నాకేం తెలీట్లేదండి. పుట్టినప్పట్నుంచీ మిరపకాయల్లోనే ఉన్నా. ఘాటంటే ఏంటో మర్చిపోయా."

ఆయన ముక్కును చెడిపోయిన గేజీ కింద లెక్క కట్టి పక్కన పెట్టాం. ఆయనకది కాస్త గొప్పగా అనిపించినట్టుంది. పటం చుట్టూ తిరుగుతూ, గాలి ఒక్కసారిగా వదిలే పెద్ద మూత దగ్గర ఆగి, "ఇదేంటండి?" అంటూ వంగి లాగారు. గొట్టంలోని గాలంతా ఆయన మొహాన తన్నింది. ఖాదర్ గారు తుమ్మడం మొదలుపెట్టారు. తుమ్ముకీ తుమ్ముకీ మధ్య "యా అల్లా" అనడానికి కూడా వ్యవధి దొరకలేదు. పక్క షాపులవాళ్లు పరుగెత్తుకొచ్చారు. వాళ్లూ తుమ్మారు. ఎవరో మజ్జిగ తెచ్చారు. మాలతి గారు గోడకు ఆనుకుని, కళ్ల నీళ్లతో నవ్వుతున్నారో తుమ్ముతున్నారో తెలియని స్థితిలో ఉన్నారు.

అందరూ తేరుకున్నాక జిప్పు తీసి చూశాం. గుడ్డ లోపలివైపు తెల్లగా ఉంది, మూత అడుగున మాత్రం ఎర్రటి మరక. అక్కడ తిత్తికి మూతను అంటించిన జిగురు ఒక పక్క గోరంత మేర లేచి ఉంది. తిత్తిని బయటికి తీసి కొద్దిగా గాలి పెట్టినప్పుడు ఆ లేచిన అంచులు మూసుకునే ఉంటాయి. పూర్తి ఒత్తిడిలో గుడ్డ లాగినప్పుడే తెరుచుకుంటాయి. వర్క్‌షాపులో అక్కడ బుడగ రానిది అందుకే. గోడౌన్లో సబ్బునీళ్లకూ అది దొరకలేదంటే, గాలి గుడ్డ లోపలే చెదిరి ఆ చుట్టుపక్కల కుట్లలోంచి సన్నగా జారిపోతోందన్నమాట. పాత మూత ఒలిచేసి, స్పిరిట్‌తో తుడిచి, మాలతి గారి పెట్టెలోని కొత్తది అంటించి, పైన తూకం రాయి పెట్టాం. మర్నాడు ఫ్యాక్టరీలో పటాన్ని నింపి ఒక పగలూ రాత్రీ ఉంచాను. బొటనవేలితో నొక్కితే నిండు కొబ్బరి బోండాంలా ఉంది. ఎర్ర ట్యాగు విప్పి ఆకుపచ్చది కట్టాను.

చివరి రోజు సాయంత్రం ముక్త్యాల రేవు నిండా జనం. పైరగాలి బాగానే ఉంది. మాలతి గారు హెల్మెట్, లైఫ్ జాకెట్ వేసుకుని నీళ్లలో దిగారు. పటం లేచింది, ఆవిడ లేచారు. ఒడ్డున చప్పట్లే చప్పట్లు. ఏటి నడిమికి వెళ్లాక వీచే గాలి పడిపోయింది. పటం నీళ్ల మీద బోర్లా పడింది. ఆవిడ తల ఒక్కటే కనబడుతోంది.

పటానికి కట్టిన ఆకుపచ్చ ట్యాగు మీద నా సంతకం ఉంది. కాపలాకి పెట్టిన పడవ బయల్దేరింది. ఈలోగా ఆవిడ తాళ్లు చుట్టుకుంటూ పటం దగ్గరికి వెళ్లి, గొట్టం మీదికి ఎక్కి, సోఫాలో కూర్చున్నట్టు కూర్చుని, చేత్తో నీళ్లు తోసుకుంటూ ఒడ్డుకి రాసాగారు. పడవ దగ్గరికొస్తే వెనక్కి పొమ్మని చెయ్యి ఊపారు. మైకు దగ్గరున్న పర్సనెల్ ఆఫీసరు క్షణం తడబడి, "ఇప్పుడు మేడమ్ గారు స్వీయరక్షణ విధానం చూపిస్తున్నారు," అని ప్రకటించాడు. జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

ఆవిడ ఒడ్డెక్కగానే నేను ముందు చూసింది ఆవిడ్ని కాదు, గొట్టాన్ని. నొక్కాను. గట్టిగానే ఉంది.

"పడవెక్కకపోయారా మేడమ్?" అన్నాడు నాగేశ్వరరావు.

"మీ సార్ అంత ఇబ్బంది పెట్టి ట్యాగు కట్టారు కదండి. పనిచేస్తోందో లేదో చూద్దామని," అన్నారావిడ జుట్టు పిండుకుంటూ.

ఈ సంఘటన తర్వాత కంప్రెసర్ హౌస్ పద్ధతుల్లో ఒకటి మార్చాను. అంతకుముందు విడిభాగాన్ని బల్ల మీద తేలిక ఒత్తిడితో పరీక్షించి సరే అనేవాళ్లం. అప్పట్నుంచి దాన్ని దాని చోట బిగించి, అది పనిచేయాల్సిన పూర్తి ఒత్తిడిలో పరీక్షించాకే ఆకుపచ్చ ట్యాగు కట్టాం. బల్ల మీద దొరకని లీకులు ఆ ఏడాది ఇంకా చాలా దొరికాయి.