పద్యాన్ని చేతులతో చెప్పిన టీచర్ గారు

మా చెల్లెలికి చదువు చెప్పిన టీచర్ గారు పోయారు. కబురు నాటకాల వాళ్ళ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. దాని కింద వరసగా దండాల బొమ్మలు. బతికుండగా ఆవిడకు స్టేజి మీద ఒక్క లైటు వెయ్యడానికి చేతులు రానివాళ్ళే అందరూ.

చెల్లెలికి పుట్టుకతోనే వినపడదు. రాజమండ్రిలో బధిరుల బడిలో ఆవిడ దగ్గరే చదివింది. మా ఇంటిల్లిపాదికీ నాటకాల పిచ్చి. మేం పద్యాలకు తలలూపుతుంటే అది మా మొహాలు చూస్తూ కూర్చునేది. ఈ సంగతి తెలిసి టీచర్ గారు నన్ను నిలదీశారు.

"మీరు నాటకం చూస్తారు, అది మిమ్మల్ని చూస్తుంది. బాగుందమ్మా వరస!"

తర్వాతి నాటకానికి తనే వచ్చి, స్టేజికి ఒక పక్కన నిలబడి ప్రతి మాటా సైగల్లో చెప్పారు. ఇక అప్పటినుంచీ ఆవిడ పాత విద్యార్థులంతా వచ్చి ముందువరసలో కూర్చునేవారు. నటుడు పద్యం చివర రాగం తీస్తుంటే ఆవిడ గాల్లోంచి దారం లాగుతున్నట్టు చెయ్యి సాగదీసేవారు, ఆయన ఊపిరి అయిపోయేదాకా. చెల్లెలు పకపకా నవ్వేది. నటులు అంతసేపు నోరు తెరుచుకుని ఎందుకు నిలబడతారో దానికి అప్పుడే తెలిసింది. జనం వన్స్‌మోర్ అంటే పాపం ఆవిడా మళ్ళీ మొదటినుంచి!

చేతులు బాగా కనపడాలని ఎప్పుడూ నల్లచీరే కట్టేవారు. అక్కడే వచ్చింది తంటా. ఒకసారి ప్రార్థనకు ముందు నాటక సంఘం కార్యదర్శి గారు పరుగెత్తుకొచ్చారు.

"శుభమా అని దీపం వెలిగిస్తుంటే నల్లచీరేంటండీ!"

"చేతులు కనపడాలి కదండీ."

"అయితే ఆ మూలకెళ్ళండి."

"అక్కడ లైటు పడదండి."

"లైట్లు ఆర్టిస్టులకండి."

ఆవిడ మూలకు వెళ్ళారు. ముందువరసలో వాళ్ళు కళ్ళు చిట్లించి చీకట్లోకి చూసీ చూసీ, సగంలో లేచిపోయారు. ఆ తర్వాత ప్రతి నాటకానికీ ఇదే గొడవ. నేను నాలుగు దులిపేద్దామని లేస్తే ఆవిడే ఆపేవారు.

"కోప్పడితే ఆ మూల కూడా ఉండదమ్మా."

ఆ ఓర్పు చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడూ మండుతోంది. మా చెల్లెలికి నాటకాన్ని చూపించిన మనిషిని చివరిదాకా ఆ మూలనే నిలబెట్టారు.

సంతాపసభ కూడా ఆ సంఘమే పెట్టింది. కార్యదర్శి గారు మైకు పట్టుకుని, ఆవిడ బధిరుల గొంతు అన్నారు. ముందువరసలో ఆ బధిరులే కూర్చున్నారు. అక్కడ జరిగేది వాళ్ళకు సైగల్లో చెప్పే మనిషిని పెట్టాలని ఒక్కరికీ తోచలేదు. ఏమంటున్నారని చెల్లెలు ముందువరసలోంచి వెనక్కి తిరిగి నా మోచెయ్యి లాగుతోంది. నాకొచ్చిన నాలుగు ఇంటి సైగలతో, మంచావిడ అంటున్నారని చెప్పాను.

చివర్న అందరూ లేచి మౌనం పాటించారు. మమ్మల్ని చూసి ముందువరసలో వాళ్ళూ లేచారు. కాసేపటికి "కూర్చోండి" అని మైకులో వినపడింది. మేమంతా కూర్చున్నాం. ముందువరస మాత్రం తలలు వంచుకుని ఇంకా నిలబడే ఉంది.