పంట్ అంటే పంటు కాదు

మొన్న ఫ్రిజ్ మార్చాం. కొత్తదాని తలుపుకి మ్యాగ్నెట్లు అంటుకోవు. పాతదాని మీద పదమూడేళ్ల అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్లున్నాయి. మా బెంటన్‌విల్‌లో ఇళ్లమ్మే ఏజెంట్లు కాలేజీ టీమ్ ఆటల పట్టికను ఏటా మ్యాగ్నెట్‌గా వేయించి పంచుతారు. నేను ప్రతి ఆట పక్కనా గెలిస్తే ‘గె’, ఓడితే ‘ఓ’ అని రాసేదాన్ని. ఇప్పుడు అదే కాలేజీలో చదువుతున్న మా అమ్మాయి వాటిని ఊడదీస్తూ అట్టడుగుదాని దగ్గర ఆగింది. “అమ్మా, ఈ ‘ఓ’ ఎందుకు ఇంత గట్టిగా రాసావ్? పేపర్ లేచిపోయింది.”

ఎందుకేమిటి, ప్రాణభయంతో రాశాను. ఆ ఏడు నేను ఆఫీసులో కాంట్రాక్టు ఉద్యోగిని, నవంబరు చివరితో కాంట్రాక్ట్ సరి. ఉద్యోగం పోతే వీసా పోయినట్టే, ముగ్గురం మూటాముల్లే సర్దుకోవాలి. మా ఆయనకి పనిచేసే పర్మిట్ లేదు. మా మేనేజరేమో ఆ కాలేజీ నీళ్లు తాగిన మనిషి. శనివారం టీమ్ గెలిస్తే సోమవారం అందరికీ డోనట్లు, ఓడితే ఆయన గది తలుపు మూసే ఉండేది. నవంబరు మొదట్లో ధైర్యం చేసి ఎక్స్‌టెన్షన్ సంగతి కదిపితే, “లెట్స్ పంట్ ఆన్ దట్” అన్నాడు నవ్వుతూ. నాది నర్సాపురం. పంటంటే నాకు తెలిసింది ఒక్కటే, మనుషుల్నీ గేదెల్నీ లారీల్నీ ఎక్కించుకుని గోదావరి దాటించేది. పాపం ఒడ్డెక్కిస్తానంటున్నాడు కాబోలనుకుని, ఇంటికొచ్చి పరమాన్నం వండాను.

మర్నాడు ఆ సంతోషం పక్క సీటులోని కరీంనగర్ తమ్ముడికి చెప్పాను. అతను, “అక్కా, పరేషాన్ గాకు గానీ, పంట్ అంటే బాల్ మనతోని ముందుకు పోదని తెలిసినంక ఎదుటోళ్ల దిక్కు తన్నుడు” అన్నాడు.

“అంటే వదిలేసుకోవడమా?”

“గట్లనే అనుకో.”

ఇక మిగిలిన మూడు శనివారాలూ ఎలా గడిచాయో నాకే తెలుసు. క్రికెట్ కూడా సరిగ్గా తెలియని నేను టీవీ ముందు కూర్చుని, తన్నేవాడు మైదానంలోకి రాగానే లేచి వంటింట్లోకి పోయేదాన్ని. మా ఆయన అపార్ట్‌మెంట్ మెట్ల అంచున కొబ్బరికాయ కొట్టాడు. అవతలి టీమ్ ఊళ్లోనూ తెలుగువాళ్లు ఉంటారు కదా, వాళ్లూ కొట్టే ఉంటారని నా గుబులు. మొదటిది గెలిచారు, రెండోది చచ్చీచెడీ గెలిచారు, మూడోది అయిపోవస్తుండగా ఓడిపోయారు. “ఆటకీ నీ పనికీ ఏం సంబంధమే, పిచ్చిదానా” అన్నాడు మా ఆయన. అంటూనే అటక మీది సూట్‌కేసులు దింపి, జిప్పులు పడుతున్నాయో లేదో చూశాడు.

సోమవారం గది తలుపు మూసే ఉంది. పదకొండింటికి పిలుపొచ్చింది. వెళ్లి నిలబడ్డాను. మేనేజరు తల ఎత్తకుండానే, ఎక్స్‌టెన్షన్ మీద పోయిన వారమే సంతకమైందనీ, చెప్పడం మరిచిపోయాననీ అన్నాడు. ఆఫీసు భాషలో ‘పంట్’ అనే మాటకి ‘తర్వాత చూద్దాం’ అని మాత్రమే అర్థమట! థాంక్స్ చెప్పి, కార్‌లో కూర్చుని ఏడ్చాను. నేను భయపడ్డానని ఆ మేనేజరుకి ఈనాటికీ తెలియదు.

ఇదంతా విని మా అమ్మాయి పడీపడీ నవ్వింది. నవ్వు ఆగాక, “అప్పుడు నేనేం చేసేదాన్ని?” అంది. “ఆ నవంబరులోనే కదూ నీకు మొదటి పన్ను ఊడింది” అన్నాడు మా ఆయన. ఏ వైపు పన్నో, ఊడినప్పుడు ఏడ్చిందో నవ్విందో, పరిగెత్తుకొచ్చి నాకు చూపించిందో లేదో, ఎంత గింజుకున్నా గుర్తుకు రాలేదు. మూడో ఆటలో బంతి ఎవరి చేతిలోంచి జారిందో ఇప్పటికీ చెప్పగలను. భయపడుతూ గడిపిన రోజుల్ని కాలం మినహాయించదు, అవీ మన వయసులోనే పడతాయి, పిల్లల వయసులోనూ పడతాయి.