చదవకుండా నొక్కిన వై

ఉద్యోగంలో చేరిన మూడో వారం అది. శామీర్‌పేటలో మా ఇంట్లోనే కూర్చుని, లాప్‌టాప్‌లోంచి పాత పైథాన్ ప్రోగ్రామ్ తీసేయమని కమాండ్ ఇచ్చాను. దాంతోపాటు ఇంకేమేం పోతాయో పొడవైన జాబితా చూపించి, సరేనా అని అడిగింది. పుస్తకాల్లో ముందుమాట కూడా వదలని నేను, అదేమీ చదవకుండా అవునంటూ వై నొక్కాను. మళ్లీ ఆన్ చేసేసరికి నల్లటి తెర, తెల్లటి అక్షరాలు మాత్రమే మిగిలాయి. మధ్యాహ్నం రెండింటికి ఆన్‌లైన్ మీటింగ్‌లో టీమ్ మొత్తానికి నా పని చూపించాలి.

ఆఫీసులో సీనియర్ అక్కకు ఫోన్ చేయాలంటే బిడియం. గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాను.

"ఏందే, కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్?" అంది అవ్వ. "ఫోన్ జేసి అడుగు. ఆమె నిన్ను మింగుతదా?"

చేశాను. అక్క నవ్వింది. "నేను గూడ గట్లనే పోగొట్టుకున్న. ఏమేం తీసేసిందో అదే ఒక ఫైల్‌ల రాసిపెడ్తది. ఆ నల్ల తెర మీదనే కమాండ్ కొట్టి జల్దీ తెరిచి సూడు."

రోజూ డైరీ రాసే నాలాగే లాప్‌టాప్ కూడా జరిగినదంతా రాసుకుంటుందని అప్పుడే తెలిసింది. పోయిన ప్రతి పేరూ, సమయంతో సహా ఉంది. ఫోన్ నెట్‌తో వాటన్నిటినీ మళ్లీ ఎక్కిస్తూ, నిమిషానికోసారి గడియారం చూశాను.

మామూలు తెర తిరిగొచ్చేసరికి రెండూ పది. నెట్ పోయిందని చెప్పమని అక్క మెసేజ్ పెట్టింది. మీటింగ్‌లో చేరగానే, ఆలస్యం ఎందుకని మేనేజర్ అడిగారు.

"చదవకుండా నేనే తీసేశాను సర్," అన్నాను.