లాడాలు కొట్టిన రోజు గీసిన ఎద్దు బొమ్మ

మా చిన్నతనంలో మర్రిపాడులో ఎద్దులకి లాడాలు కొట్టేది రోడ్డు పక్కనే... తారు రోడ్డు మీద బండి లాగితే గిట్టలు అరిగిపోతాయని ఇనుప లాడాలు వేయించేవాళ్ళు.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నాయనతో కలిసి బూడిద రంగులో ఉండే మా మైల ఎద్దును తోలుకుపోయినాను. రోజూ నా చేతిలో గడ్డి తినే ఎద్దు... కాళ్ళకి పగ్గం వేసి ఒక్క గుంజు గుంజినారు. దబ్బున పడింది! నేను నాయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"నొప్పుండదులే పాపా, గిట్టంటే మన గోరు లాంటిదే" అన్నాడు నాయన.

నాలుగు కాళ్ళు కలిపి కట్టేసి, లాడాలు కొట్టే మస్తాన్ తాత మేకులు దిగ్గొడతా ఉంటే, అది అరవను కూడా లేదు. కన్ను మాత్రం తెల్లగా తిరిగిపోయింది...

ఇంటికొచ్చి అన్నం పక్కన పెట్టేసినాను. లెక్కల నోట్సు తీసి, పెన్సిల్ ముక్కతో ఆ ఎద్దునే గీసినాను. మూతి దగ్గర వేలితో రుద్దితే మెత్తగా నీడ వచ్చింది. కన్ను తెల్లగా తేలాలని దాని చుట్టూ నల్లగా, ఇంకా నల్లగా ఒత్తి ఒత్తి గీస్తే కాగితం చిరిగింది.

నాయన చూసేసినాడు. వీపు పగిలిందనుకున్నా... కొట్టలేదు. చాలాసేపు చూసి, "ఇంత బెదిరిందా ఇది?" అన్నాడు మెల్లిగా.

మర్నాడు జతలో రెండో ఎద్దును తోలుకుపోతా, నన్నూ, ఆ నోట్సునూ వెంట తీసుకుపోయినాడు. మస్తాన్ తాత బొమ్మ చూసి సుత్తి కింద పెట్టేసినాడు.

"ఇన్నేళ్ళుగా కొడతా ఉండానబ్బయ్యా... గిట్టలే చూసినాను. కన్ను ఎప్పుడూ చూడలేదు."

అంత పెద్దమనిషి కళ్ళల్లో నీళ్ళు!

ఎద్దును పడేసి కట్టినాక, తాత తన భుజం మీది తువ్వాలు తడిపి దాని కళ్ళ మీద కప్పినాడు. "ఇట్రా పాపా, మెడ నిమరతా ఉండు" అని నన్ను తల దగ్గర కూర్చోబెట్టినాడు. మొదటి దెబ్బకి ఉలిక్కిపడింది గానీ, తర్వాత అది పెనుగులాడలేదు. అప్పట్నుంచి ఎవరి ఎద్దు వచ్చినా, కళ్ళు కప్పకుండా సుత్తి పట్టలేదు ఆయన.

ఇప్పుడు మా పాప డ్రాయింగ్ హోంవర్కు కోసం ఎద్దు బొమ్మని ఫోన్లో వెతుకుతా ఉండాది. వీధిలోకి తీసుకుపోయి చూపిద్దామంటే, అన్నీ ట్రాక్టర్లే...

మీరు దగ్గర నుంచి చూసి, ఇంటికొచ్చి బొమ్మ గీసిన గొడ్డు ఏదన్నా ఉండాదా? చెప్పండబ్బా...