ఫైరింజన్‌కు అడ్డంగా బిందెలు

నేను లంగా జాకెట్ వేసుకుని తిరిగే రోజులవి... ఎండాకాలం వస్తే కరీంనగర్‌లో మా వాడకు నల్లా నీళ్లు సరిగా వచ్చేవి కావు. ట్యాంకర్ కోసం వాడ మొదట్లో బిందెలు వరుసగా పెట్టి కూర్చునేవాళ్లం. ఎప్పుడూ అందరికంటే ముందు రాజవ్వ బిందె ఉండేది. పక్క గల్లీ చివర ఆమె కొట్టం... అందులో ఒక్క బర్రె. దాని పాలు అమ్ముకునే ఆమె బతికేది.

ఒకరోజు మధ్యాహ్నం గణగణమని గంట మోగుతూ ఎర్ర బండి ఒకటి మా వాడలోకి మళ్లింది! మీద నిచ్చెన, పక్కన గొట్టాలు... ఊళ్లో కొత్తగా ఫైర్ స్టేషన్ పెట్టారని విన్నామే కానీ, ఆ బండిని చూసినవాళ్లు మాలో ఎవరూ లేరు. గొట్టం కనబడింది, ఇంకేం కావాలి... కొత్త ట్యాంకర్ వచ్చిందని ఆడవాళ్లంతా బిందెలతో చుట్టుముట్టారు. నేనూ చెంబు పట్టుకుని ఉరికాను. అబ్బ, ఏం సంబరమో!

డ్రైవర్ బతిమాలాడు, కసిరాడు, చేతులు జోడించాడు. ఆ గోలలో ఎవరు వింటారు... రాజవ్వ అయితే బండికి అడ్డంగా బిందె పెట్టి దాని పక్కనే కూర్చుంది.

"పొద్దుగాల్నుంచి కూసున్న బిడ్డా. నా బిందె నింపినంకనే కదులు."

"అవ్వా, గిది తాగే నీళ్ల బండి కాదు. గా పక్క గల్లీల బర్రె కొట్టం అంటుకున్నది. జర జరుగు."

ఆ గల్లీలో ఉన్నది ఒక్కటే కొట్టం. "నా బర్రె కట్టేసున్నది..." అంటూ రాజవ్వ బిందె వదిలేసి ఉరికింది. ఆమె వెనుక బండి, బండి వెనుక వాడంతా!

మేం వెళ్లేసరికి కప్పు భగభగ మండుతోంది. ఫైర్ వాళ్లలో ఒకాయన తడి గోనెసంచి కప్పుకుని లోపలికి దూరి పలుపు కోశాడు. తోక వెంట్రుకలు మాడిన బర్రె బయటికి దూకింది... మా ఈలలు, చప్పట్లు చెప్పనలవి కాదు. అంతలోనే, గొట్టంతో చల్లుతుండగానే బండిలో నీళ్లు అయిపోయాయి. మంట పక్క గుడిసెల వైపు మళ్లింది.

మా అమ్మ గబగబా ఇంటికి పోయి, గోళెంలో దాచుకున్న నీళ్లు ముంచుకొచ్చింది. ఆమెను చూసి తక్కినవాళ్లూ కదిలారు. ఇందాక ఖాళీ బిందెలతో కొట్లాడినవాళ్లే ఇప్పుడు ఇంట్లో ఉన్న నీళ్లన్నీ మోసుకొచ్చారు. ఫైర్ వాళ్లు అందుకుని చల్లుతూనే ఉన్నారు... గుడిసెలు దక్కాయి. ఆ పూట వండుకోవడానికి ఏ ఇంట్లోనూ నీళ్లు లేక పేలాలు తిని పడుకున్నాం. నాకైతే అదే పెద్ద పండుగ.

ఇప్పుడు ప్రతి ఇంటి మీదా నీళ్ల ట్యాంకు ఉంది. మొన్న మా రోడ్డు మీద ఫైరింజన్ సైరన్ మోగించుకుంటూ పోతుంటే అందరం బాల్కనీల్లోకి వచ్చి చూశాం... కాలుతున్నది ఎవరి ఇల్లని మాత్రం ఒక్కరమూ అడగలేదు.

మీ వాడలో కూడా బిందె ఎత్తుకుని ఉరికినవాళ్లు ఉండే ఉంటారు... వాళ్ల పేర్లు ఒక్కసారి ఇక్కడ రాయరూ, చదవాలని ఉంది.