మూడో తరగతిల నేను పెట్టిన డమ్మీ

ఎనిమిదో తరగతి సగంల బడి ఎగ్గొట్టిన మనిషిని నేను. మళ్ల ఏ బడి గేటు దాటినా ఎవరన్న పట్టుకొని మిగిలిన సగం చదివిస్తరేమోనని భయం. గట్లాంటోన్ని తూంకుంట దగ్గర ఒక ప్రైవేటు బడిల మ్యూజిక్ సార్‌ను జేసిండ్రు.

సూరారంల మాది పెండ్లిల బ్యాండు పార్టీ. క్యాసియో కీబోర్డు నేనే వాయిస్త. బడి నడిపే కరస్పాండెంట్ భూములున్న ఆసామి. ప్లాట్లు అమ్ముతడు, ఎలక్షన్లల తిరుగుతడు, మధ్యల టైం దొరికితే బడికి గూడ వస్తడు. వాళ్ల తమ్ముని పెండ్లిల నన్ను జూసిండు. అప్పటికే కొత్త కాలనీలల ఆంధ్ర తల్లులు "మీ స్కూల్లో మ్యూజిక్ లేదాండీ?" అని ఆయన పానం తీస్తున్నరట.

"తమ్మి, నీకు పెట్టె వాయించ వస్తది గద. పిల్లలకు నేర్పుడు ఎంత సేపు?" అన్నడు.

"అన్నా, నాకే ఎవరు నేర్పలే."

"మరి నువ్వు నేర్సుకోలేదా? వాళ్లు గూడ గట్లనే నేర్సుకుంటరు."

మొదటి దినం మూడో తరగతిల బారాత్ దరువు ఒత్తిన. సగం మంది బెంచీలెక్కి ఎగిరిండ్రు. పక్క రూంల లెక్కల మేడం పరుగున వచ్చింది.

"సార్, పెండ్లి ఎవరిది?"

"మీదే అనుకున్న మేడం. నన్ను పిలువలేదేంది?"

క్లాసంత నవ్వింది, మేడం గూడ నవ్వింది. నవ్విస్తే సాలు, నేర్పినట్టే అనుకున్న. నా బతుకంత ఒకరిని ఆటపట్టించుడే. గదే తెలివి అనుకునేటోన్ని.

నేర్పుడు గంత సులువు కాదని మెల్లగ తెల్సింది. ముప్పై జతల చేతులు ఒక్కపారి చప్పట్లు కొట్టాలంటే నాకు రెండు వారాలు పట్టింది. తొందరోళ్లు ముందే కొడ్తరు, మెల్లగుండేటోళ్లు పక్కోళ్లను జూసి కొడ్తరు. కండ్లు మూస్కొని కొట్టుమంటే అప్పుడు చెవులు పనిజేసినయి. స్వరం పైకి పోవాలె అంటే పిల్లలు గట్టిగ అరుస్తరు. పై స్వరం వేరు, పెద్ద సప్పుడు వేరు అని చెప్పనీకె, బ్లాక్‌బోర్డు మీద మెట్లు గీసి, ఒక్కో మెట్టు మీద వేలు పెట్టుకుంట పాడిచ్చిన. చెప్పుకుంట చెప్పుకుంట నాకు గూడ సమజైంది.

గంతల యాన్యువల్ డే దగ్గరికొచ్చింది. మూడో తరగతికి ఒక వాన పాట పెట్టిన. బ్యాండుల వాయించే శ్రుతిలనే, నా చేతికి అలవాటైన జాగల మొదలువెట్టిన. పిల్లలంత పై స్వరానికి ఎక్కిండ్రు. ఒక్క గొంతు మాత్రం కిందనే ఉండె.

బడిల ఊడ్చే ఆయమ్మ బిడ్డది ఆ గొంతు. సన్నటి పిల్ల. గొంతేమో మందం.

"ఎవరమ్మా గీ డీజిల్ ఆటో?" అన్న.

అందరు మర్లి జూసిండ్రు, పకపక నవ్విండ్రు. ఆ పిల్ల గూడ నవ్వింది. గందుకే నాకు తప్పనిపియ్యలే. తెల్లారి సంది ఆ పిల్ల నోరు తెరిస్తే సాలు, ఎనక బెంచీల "డర్ర్" అని సప్పుడు.

కరస్పాండెంట్ రిహార్సల్ జూడవచ్చిండు. "ఆ మోటు గొంతేంది తమ్మి? పేరెంట్స్ ముందట ఇజ్జత్ పోతది" అని పోయిండు.

మా బ్యాండుల ఒక రివాజుంది. పెండ్లోళ్లకు యూనిఫాం ఏసుకున్నోళ్లు ఎక్కువమంది కనవడాలె. వాయించ వచ్చినోళ్లు తక్కువ వడితే, రానోనికి గూడ కోటు తొడిగి, బూర చేతికిచ్చి, బుగ్గలు ఉబ్బియ్యుమంటం. ఊదొద్దంటం. వాన్ని డమ్మీ అంటం. నాకు తెల్సిన ఇలాజ్ గదే.

పిల్లను పక్కకు పిల్సిన. "నిన్ను ముందల వరుసల నిలబెడ్త. పెదవులు మంచిగ ఆడియ్యి, సప్పుడు రానియ్యకు. డమ్మీ అంటే బ్యాండుల పెద్ద పోస్టు, తెల్సా?"

"నాకే ఇస్తున్నరా సార్?"

"నీకే."

అందరికంటె మంచిగ నేర్సుకున్నది. పెదవి ఒక్కపారి తప్పలే.

యాన్యువల్ డే నాడు పాట మస్తు వచ్చింది. ఆయమ్మ స్తంభం పక్కన ఫోన్ పట్టుకొని వీడియో తీసింది. అయిపోయినంక ఒక పెద్దామె నా తానికి వచ్చింది. మా పిల్లలల్ల ఒకరి అమ్మమ్మ, ఎన్కట ఆంధ్రల బళ్లల్ల సంగీతం చెప్పిందట.

"మాస్టారూ, ముందు వరసలో ఆ చివరి పాప పాడలేదేమండీ?"

"ఆమెకు గొంతు రాదమ్మా, డమ్మీ పెట్టిన" అని నవ్విన.

ఆమె నవ్వలే. "రాకపోవడం కాదండీ. మీరు పాటని ఎత్తులో పెట్టారు. ఆ పాప గొంతు ఎక్కడుందో ముందు విని, పాటని అక్కడికి దించాలి. నాలుగు రోజులు దానితోపాటు పాడితే, తర్వాత అదే ఎక్కుతుంది."

దించుడు నాకు తెల్వంది కాదు. క్యాసియో మీద దానికొక మీట ఉంటది. పెండ్లిలల్ల తాగొచ్చి మైకు గుంజుకునే మామలు లేరా? వాళ్లకు గొంతు అందకపోతే ఎవరు అడగకముందే దించిన. ఎన్నిసార్లు దించిన్నో లెక్కలేదు. గీ పిల్లకు ఒక్కపారి ఆ మీట మీద వేలు పెట్టలే.

వారం దినాలకు ఆయమ్మ వరండల ఊడ్చుకుంట ఆగింది.

"సారూ, మా పోరి పాడుడు బంద్ జేసింది."

"బడిలనే గదమ్మా."

"ఇంట్ల సారు. నేను బోళ్లు తోముతుంటే ఎప్పుడు పాడుకుంట తిరిగేది. ఇప్పుడు పెదవులే ఆడిస్తాంది. పాడవే అంటే పాడుతున్న గద అంటది. ఏం నేర్పిండ్రు సారు?"

కొట్లాటకు రాలే ఆమె. నిజంగనే అడిగింది. రేపు లంచ్‌ల పిల్లను నా తానికి తోలుకరమ్మన్న.

మరునాడు లంచ్‌ల పిల్లను కూసోవెట్టిన. తల్లి చీపురు వట్టుకొని తలుపు కాడ నిలవడ్డది. మీట ఒత్తి ఒక మెట్టు దించిన. పెదవులు ఆడినయి. రెండు దించిన, మూడు దించిన. "సప్పుడు జెయ్యి బిడ్డా, ఎట్లున్నా మంచిదే" అన్న. నేనే పాడిన, ముందు మెల్లగ, తర్వాత ఇంక మెల్లగ. ఆ పిల్ల పాటంత ఆఖరుదాక పెదవులు ఆడిచ్చింది, ఒక్క అక్షరం ఇడువలే.

"మంచిగ జేస్తున్ననా సార్?" అన్నది.

తల్లి మొఖం అటు తిప్పుకున్నది.

పదిహేను దినాలు గట్లనే కూసున్నం. ఆఖరుకు తల్లే వచ్చింది. "ఇడిసిపెట్టుండ్రి సారు. మీరు అడిగినకొద్ది ఇంక మూస్కుంటాంది. ఇంట్ల మా అవ్వను జూసినా, నన్ను జూసినా పాడుమంటరేమోనని బెదురుతాంది."

ఇడిసిపెట్టిన.

ఇప్పుడు జూన్‌ల కొత్త పిల్లలు రాంగనే క్యాసియో తెరువను. ఒక్కొక్కరి పక్కకు కూసొని వాళ్లిష్టమున్న మాట ఏదన్న పాడిచ్చి, గొంతు ఏడుందో జూసి నోటుబుక్కుల రాసుకుంట. ఎవరి గొంతుకు పేరు పెట్టను. మొన్నటి యాన్యువల్ డేల పాట గింత అటుఇటు అయ్యింది. కరస్పాండెంట్ మొఖం మాడ్చుకున్నడు. మాడ్చుకోనియ్యి అనుకున్న.

ఆ పిల్ల ఐదో తరగతికి వచ్చింది. రోజు పొద్దుగాల ప్రేయర్‌ల వాళ్ల లైను గేటు దిక్కు ఉంటది. నేను ఆ కొసకు, నీళ్ల ట్యాంకు కాడికి పోయి నిలవడ్త. నేను వింటున్ననని తెలిస్తే ఆ గొంతు అసలే రాదు. గంత దూరంల ఆ గొంతు వచ్చిందో రాలేదో నాకు తెల్వది. తల్లిని అడగను.